బీల నుంచి బహిరంగ విచారణ దాకా: సిక్కోలు కరెంటు పోరాటం వెనక కథ

సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో థర్మల్ ప్లాంటు కడతామన్న ప్రతిపాదనపై గిరిజనులు ఆందోళనకు దిగారు. శ్రీకాకుళం జిల్లాకు ఇది కొత్త కాదు. సోంపేట, కాకరాపల్లి, పోలాకి ఇప్పటికే చూశాం. ప్రతిసారీ జనం పొలం గట్టు మీద, సముద్రం ఒడ్డున నిలబడి పోరాడారు. కానీ ఏ ప్లాంటు కరెంటు డిస్కం, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, కొనాలి, ఆ ఖర్చు ఎవరి బిల్లులో పడాలి అన్నది తేలేది విద్యుత్ నియంత్రణ కమిషన్ దగ్గర. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దాని గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ.

1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టంతో పాత విద్యుత్ బోర్డు విడిపోయింది. 1999లో కమిషన్ ఏర్పడింది. 2000 ఏప్రిల్‌లో డిస్కంలు వచ్చాయి, మనకు విశాఖ కేంద్రంగా ఈపీడీసీఎల్ దక్కింది. ఆ ఏడాదే చార్జీలు పెరిగాయి, రాష్ట్రమంతా భగ్గుమంది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ ఉద్యమం అందరికీ గుర్తుంది. దానికి సమాంతరంగా సాగిన మరో పని ఎక్కువమందికి తెలియదు. ఎం. వేణుగోపాలరావు, ఎం. తిమ్మారెడ్డి లాంటివాళ్లు డిస్కంల లెక్కల పుస్తకాలు ముందేసుకుని, ఏటా కమిషన్ ముందు అభ్యంతరాలు చెబుతూ వచ్చారు. చప్పట్లు లేని పని అది. నా దృష్టిలో ఆ ఉద్యమానికి ఏమాత్రం తీసిపోదు.

2003 కేంద్ర విద్యుత్ చట్టం ఈ కథలో కీలకం. థర్మల్ ప్లాంటు పెట్టడానికి ఇక లైసెన్సు అక్కర్లేదని అందులోని 7వ సెక్షన్ చెప్పింది. బొగ్గు ఓడల్లో దిగుమతయ్యే తీరం, చవగ్గా దొరికే భూమి ఉన్నచోటల్లా కంపెనీలు వాలాయి. అదే చట్టంలోని 86వ సెక్షన్ మాత్రం డిస్కం ఎవరి దగ్గర ఏ రేటుకు కరెంటు కొంటుందో చూసే అధికారం కమిషన్‌కే ఇచ్చింది. పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించే బాధ్యతా దానిదే. జనం సూచనలు, అభ్యంతరాలు విన్నాకే కరెంటు రేట్లు ఖరారు చేసే టారిఫ్ ఆర్డరు ఇవ్వాలని 64వ సెక్షన్ అంటోంది. అంటే ప్లాంటు కట్టేవాణ్ని అడిగే వీలు తగ్గింది గానీ, కరెంటు కొనేవాణ్ని నిలదీసే హక్కు మనకు చట్టబద్ధంగా వచ్చింది.

సోంపేటలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2,640 మెగావాట్ల ప్లాంటుకు ఎంచుకున్నది బీల భూములను. కాగితాల మీద అది పనికిరాని నేల. అక్కడి వాళ్లకు ఏడాది పొడవునా నీళ్లు నిలిచే చోటు, చేపలు దొరికే చోటు, పశువులు మేసే చోటు, చుట్టుపక్కల పొలాలకు తడి. 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఒక్కరోజు ముందు ఆ ఆర్డరు వచ్చి ఉంటే అన్న బాధ ఇప్పటికీ పోదు. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అక్కడా తంపర (చిత్తడి) భూములే, అక్కడా 2,640 మెగావాట్లే. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసి విశాఖలో స్థిరపడిన ఈఏఎస్ శర్మ ఈ రెండు పోరాటాలకూ అండగా నిలిచారు. ఆ తర్వాత జపాన్ సుమిటోమోతో కలిసి పోలాకిలో 4,000 మెగావాట్లు అన్నారు. ఊళ్లు సర్వేనే అడ్డుకున్నాయి.

ఇక బిల్లు సంగతి. థర్మల్ ప్లాంటుతో ఒప్పందం కుదిరితే సాధారణంగా 25 ఏళ్లు. ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకోకపోయినా స్థిర చార్జీ కట్టాల్సిందే. బొగ్గు ధర పెరిగితే ఆ భారం అదనం. 2022లో బొగ్గు కొరత వచ్చి, దిగుమతి బొగ్గు కలపమని కేంద్రం చెప్పింది. ఆ ఆర్థిక సంవత్సరపు ఇంధన, కొనుగోలు ఖర్చుల సర్దుబాటు కింద సుమారు 6,072 కోట్ల వసూలుకు 2024 చివర్లో కమిషన్ ఒప్పుకుంది. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు డబ్బులేంటని లైన్‌మన్ మీద అరిస్తే ఆయనేం చేస్తాడు? ఎండకూ గాలికీ అలాంటి సర్దుబాటు లేదు.

అలాగని సౌర, పవన విద్యుత్ పేరు చెబితే దేనికైనా తలూపమని కాదు. పవన విద్యుత్తుకు ఒకప్పుడు యూనిట్‌కు 4 రూపాయల 84 పైసలు ఖరారు చేశారు. 2019లో వచ్చిన ప్రభుత్వం అది ఎక్కువంటూ గొడవకు దిగింది, ఒప్పందం ప్రకారమే కట్టాలని 2022లో హైకోర్టు చెప్పింది. ఒప్పందం కుదిరేముందే గట్టిగా అడగాలని ఆ గొడవ నేర్పింది. సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలస దగ్గర పంప్డ్ స్టోరేజి (నీళ్లు పైకి తోడి నిల్వ చేసి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టులంటే గిరిజనులు భయపడుతున్నారు. బొగ్గు లేనంత మాత్రాన ఆ భయం తప్పయిపోదు.

విజయనగరం జిల్లా నుంచి విచారణల్లో ఎక్కువగా వినిపించాల్సిన గొంతు ఎవరిది? గరివిడి, బొబ్బిలి ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో వాడే లోహ మిశ్రమాలు) పరిశ్రమలకు కరెంటే ముడిసరుకు లాంటిది, టారిఫ్‌లో పైసా తేడా వచ్చినా వాళ్లకు లెక్కే. రైతుకూ అంతే లెక్క ఉంది. వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టే పైలట్ ప్రాజెక్టు 2020లో మొదలైంది శ్రీకాకుళం జిల్లాలోనే. అప్పుడు ఊళ్లలో జరిగిన చర్చంతా ఉచిత కరెంటు పోతుందేమో అన్న టెన్షన్ చుట్టూనే తిరిగింది. పగలు 9 గంటలు ఇచ్చే వ్యవసాయ కరెంటును ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వచ్చే లైను) దగ్గరే సోలార్‌తో ఎందుకు ఇవ్వరని అడిగిన వాళ్లు తక్కువ.

అడగడానికి లాయరు అక్కర్లేదు. డిస్కంలు మామూలుగా నవంబరు చివరికి వచ్చే ఏడాది ఆదాయ, వ్యయ అంచనాలు దాఖలు చేస్తాయి. పేపర్లో ప్రకటన వస్తుంది. గడువులోపు పేరు, చిరునామా, అభ్యంతరం రాసి, విచారణలో మాట్లాడతానని కూడా రాసి పంపాలి, ఒక కాపీ డిస్కంకు ఇవ్వాలి. డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి. కమిషన్ ఆఫీసు ఇప్పుడు కర్నూలులో ఉంది, ఇచ్ఛాపురం నుంచి రాష్ట్రం ఆ చివరకు వెళ్లడం మామూలు మాట కాదు. కోవిడ్ నుంచి వీడియోలో మాట్లాడే వీలు వచ్చింది కాబట్టి ఆ దూరం కొంత తగ్గింది.

సరుబుజ్జిలి ప్లాంటు ముందుకు కదిలితే, దాని కరెంటు కొనే ఒప్పందం ఏదో ఒక రోజు కమిషన్ ముందుకు రావాలి. అంత కరెంటు ఏ గంటల్లో కావాలి, సోలారూ నిల్వ బ్యాటరీలూ కలిపితే ఎంత పడుతుంది, పాతికేళ్ల స్థిర చార్జీ మొత్తం ఎంత అన్న మూడు ప్రశ్నలు ఆ ఊళ్ల నుంచే, తెలుగులోనే, రాసి వెళ్లాలి.