జపాన్ టికెట్ పంపిస్తుంది, పాస్‌పోర్టు మాటేమిటి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ప్రభుత్వ హైస్కూలుకు వెళ్లినా ఇన్‌స్పైర్ మనక్ అంటే తెలియని సైన్స్ మాస్టారు ఉండరు. బడిపిల్లల కొత్త ఐడియాలను ఏరి ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం అది. ఒక్కో బడి నుంచి ఐదు ఐడియాల దాకా ఆన్‌లైన్‌లో పంపొచ్చు. దేశమంతటా 10 లక్షల ఐడియాలు రావాలి, వాటిలో లక్షకు తలా 10,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడాలి, రాష్ట్ర స్థాయికి 10,000, జాతీయ స్థాయికి 1,000 చేరాలి, ఆఖరికి 60 నిలవాలి. పథకం రాసినప్పటి లెక్క ఇది. ఆ మెట్లన్నీ ఎక్కిన పిల్లల్లో కొందరిని జపాన్ పంపుతారు. అక్కడ వారం రోజులు ల్యాబులు, యూనివర్సిటీలు చూపిస్తారు.

పేరెంట్స్ మీటింగులో ఈ సంగతి చెప్పగానే ముందు అడిగేది ఒకటే. ఖర్చు ఎవరిది? జపాన్‌ది. విమానం టికెట్, బస, భోజనం అన్నీ సకురా సైన్స్ కార్యక్రమం కింద జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ చూసుకుంటుంది. మన పిల్లాడి ప్రయాణానికి జపాన్ ఎందుకు డబ్బు పెడుతోందన్నది ఆ వెంటనే రావలసిన ప్రశ్న. దానికి జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఒకప్పుడు డబ్బు ఇటునుంచే అటు వెళ్లింది. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో అచ్చువేసిన రుగ్వేదం తొలి ముద్రణకు ఈస్టిండియా కంపెనీ సొమ్ము పెడితే, 1890-92లో వచ్చిన రెండో ముద్రణ ఖర్చు భరించింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. ఆక్స్‌ఫర్డ్ పండితుడి పనికి కోట నుంచి సొమ్ము వెళ్లిందన్నమాట. మనవాళ్లను విదేశాలకు పంపడానికి కూడా అప్పట్లో జమీందార్లో, ధర్మసంస్థలో దిక్కు. 1920ల్లో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పైచదువుకు బోస్టన్ వెళ్లడానికి మామగారు సమకూర్చిన డబ్బుతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. ఇచ్చేవాడి మనసు, అడిగేవాడి పరిచయాలు, ఈ రెండూ కలిస్తేనే ప్రయాణం. పైగా ఇదంతా పెద్ద చదువుల సంగతి. బడి పిల్లలను పంపాలన్న ఆలోచన ఎవరికీ లేదు.

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వాలు రంగంలోకి దిగాయి. 1950 ఫిబ్రవరిలో అమెరికాతో ఫుల్‌బ్రైట్ ఒప్పందం కుదిరింది. విద్యార్థులు, అధ్యాపకులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లి చదివే, బోధించే స్కాలర్‌షిప్ అది. అసలు ఫుల్‌బ్రైట్‌కు మూలధనం రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన సామగ్రి అమ్మగా వచ్చిన సొమ్ము. ఆ మరుసటేడు ఇంకో విచిత్రం. తిండిగింజల కొరతతో అల్లాడుతున్న భారత్‌కు అమెరికా గోధుమల కోసం 19 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. ఆ అప్పు మీద మనం కట్టే వడ్డీలో 50 లక్షల డాలర్ల దాకా విద్యా మార్పిడికి, లైబ్రరీ పుస్తకాలకు కేటాయించారు. గోధుమ అప్పు వడ్డీతో ప్రొఫెసర్లు, లైబ్రేరియన్లు విమానాలెక్కారు. ఆ వడ్డీ కట్టింది మనమేనని ఎవరికి గుర్తుందో! 2008లో కొత్త ఒప్పందం జరిగి భారత్ కూడా సగం ఖర్చు భరించడం మొదలయ్యాక ఫుల్‌బ్రైట్ పక్కన నెహ్రూ పేరు చేరింది.

మన కేంద్రం కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1954-55 నుంచి జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ ఉంది. 1964లో ఐటెక్ పేరుతో ఇతర దేశాలవాళ్లకు ఇక్కడ సాంకేతిక శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. రాష్ట్రంలో ప్రభుత్వాలు మారినప్పుడల్లా విదేశీ విద్య పథకం పేరు మారుతూ వచ్చింది. అయితే వీటిలో ఏదీ డిగ్రీ గడప దాటి కిందికి, తొమ్మిదో తరగతి దాకా దిగలేదు.

సోవియట్ డబ్బు దారి వేరు. అది మన ఊళ్లకు టికెట్లుగా రాలేదు, పుస్తకాలుగా వచ్చింది. విశాలాంధ్ర దుకాణాల్లో రూపాయికీ రెండు రూపాయలకీ దొరికిన ప్రగతి, రాదుగ అనే మాస్కో ప్రచురణ సంస్థల తెలుగు పుస్తకాలతో సైన్స్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్లు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ తగులుతుంటారు. తలకు ఎంత ఖర్చయిందో, ఎంతమందికి చేరిందో లెక్కేస్తే యాత్రల కంటే ఇదే గిట్టుబాటని నా అభిప్రాయం.

హైస్కూలు పిల్లల మార్పిడికి ఊపు వచ్చింది 2000 తర్వాత. ఏఎఫ్‌ఎస్ అనే స్వచ్ఛంద సంస్థ 1947 నుంచే ఈ పని చేస్తోంది, కానీ స్కాలర్‌షిప్ దొరకని కుటుంబానికి ఆ ఖర్చు అందేది కాదు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, 2002లో అమెరికా విదేశాంగ శాఖ యస్ అనే కార్యక్రమం పెట్టింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లలు ఏడాదిపాటు అమెరికన్ ఇళ్లలో ఉండి అక్కడి బడిలో చదువుతారు, ఖర్చు మొత్తం అమెరికాది. మన దేశానికీ అవకాశం వచ్చింది. అచ్చంగా టెక్నాలజీ కోసం 2012లో టెక్‌గర్ల్స్ మొదలైంది. అది తొలుత మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా అమ్మాయిలకు. ఆ తొలి పటంలో మనం లేము. జపాన్ 2007లో జెనెసిస్ అనే యువజన మార్పిడి కార్యక్రమం కింద ఏటా 6,000 మంది యువతను ఐదేళ్లపాటు పిలిచింది. 2014లో సకురా సైన్స్ పెట్టింది, 2016 నుంచి మన హైస్కూలు పిల్లలకు తలుపు తీసింది. పిల్లలు తగ్గిపోయి ముసలితనం కమ్ముకొస్తున్న దేశానికి రేపటి ఇంజనీర్లు, పరిశోధకులు ఎక్కడి నుంచో రావాలి. చిన్న వయసులోనే తమ ల్యాబులు చూపిస్తే రేపు అటే వస్తారన్న ముందుచూపు అందులో ఉంది. తప్పేం కాదు, దాపరికమూ లేదు.

కాకపోతే ఇలా వచ్చే డబ్బు అవతలి దేశపు విదేశాంగ అవసరంతో ముడిపడి ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ శాఖ మార్పిడి కార్యక్రమాల గ్రాంట్లను ఉన్నట్టుండి ఆపేస్తే, అప్పటికే పరాయి దేశాల్లో ఉన్న విద్యార్థులు, వాళ్లను చూసుకునే సంస్థలు టెన్షన్‌తో గడిపారు. కంపెనీల సొమ్మూ అంతే. ప్రపంచంలో పెద్దదైన బడిపిల్లల సైన్స్ పోటీ ఐసెఫ్‌కు ఇంటెల్ రెండు దశాబ్దాలకు పైగా పేరిచ్చి, 2019తో తప్పుకుంది. అదృష్టం కొద్దీ ఇంకో కంపెనీ ఆ చోటు తీసుకుంది.

మరి మన ఖజానా? అంతర్జాతీయ సైన్స్, లెక్కల ఒలింపియాడ్ పోటీలకు వెళ్లే జట్ల ఖర్చు కేంద్రం భరిస్తుంది, కానీ అది పోటీ, మార్పిడి కాదు. 2015లో అబ్దుల్ కలాం చేతుల మీదుగా మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌లో పిల్లల సైన్స్ యాత్రలకు పద్దు ఉంది, అది దేశం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసుకునేందుకు బడిలో పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబుకు కేంద్రం నుంచి 20 లక్షల రూపాయల గ్రాంటు వస్తుంది. 3డి ప్రింటర్ కొనొచ్చు, టికెట్ కొనలేరు. 2020లో రష్యా సిరియస్ సంస్థతో కలిసి అటల్ పిల్లలకు పెట్టిన కార్యక్రమం రెండు వారాలూ ఆన్‌లైన్‌లోనే నడిచింది. 2023 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం పదిమంది సర్కారు బడి పిల్లలను ఐక్యరాజ్యసమితికి పంపింది. మంచి పనే, అయితే అది ఒక ప్రభుత్వం ఒకసారి చేసిన పని, ఏటా రాసుకునే పద్దు కాదు.

ఇక్కడే చాలామంది అనేమాట ఒకటుంది. పైడిభీమవరంలో అన్ని ఫార్మా కంపెనీలున్నాయి కదా, సీఎస్‌ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే సొమ్ము, ఇవ్వరా అని. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాల్సిందే. కానీ 2021 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం దేశం బయట చేసిన పని సీఎస్‌ఆర్ కిందికి రాదు. ఒక్క మినహాయింపు ఉంది. రాష్ట్రానికో దేశానికో ఆడే క్రీడాకారుల శిక్షణకైతే బయట కూడా ఖర్చు పెట్టొచ్చు. వెయిట్‌లిఫ్టర్‌కు ఉన్న దారి రోబో చేసిన పిల్లకు లేదు. ఆమదాలవలస నుంచో చీపురుపల్లి నుంచో వెళ్లి అమెరికాలో స్థిరపడినవాళ్లు బడికి నేరుగా ఇద్దామన్నా ఇంకో చిక్కు. ఇచ్చేవాళ్లు విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటే ఆ డబ్బు విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కిందికి వస్తుంది. తీసుకునే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. పల్లె బడి కమిటీకి అది అయ్యే పనేనా!

ఇన్ని చెప్పినా, జపాన్ డబ్బు పెట్టే చోట మన పిల్లలకు అడ్డొచ్చేది పెద్ద ఖర్చు కాదు. మైనర్ పాస్‌పోర్టు ఫీజు 1,000 రూపాయలు. ఆ వెయ్యి ఎవరో ఒక మాస్టారు జేబులోంచి తీసిపెడతారు. కాగితాల దగ్గరే తల ప్రాణం తోకకొస్తుంది. బడి రిజిస్టర్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, పుట్టినరోజు పత్రంలో మూడో స్పెల్లింగు. పేరెంట్ల డిక్లరేషన్, అనెక్జర్ డి మీద అమ్మానాన్నలిద్దరూ సంతకం చేయాలి. ఎచ్చెర్ల, గార తీరంలో చాలామంది తండ్రులు చేపలవేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు. ఉద్దానం వైపు గల్ఫ్ వలసలు. ఒక్కరి సంతకంతో సరిపెట్టే అనెక్జర్ సి ఉందని నెట్ సెంటర్ కుర్రాడికి తెలిస్తే సరే, లేకపోతే ఆ సీజన్ అయిపోయినట్టే. అపాయింట్‌మెంట్ రోజు కూలి పోతుంది, పోలీస్ వెరిఫికేషన్ నాటికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. పేర్లు పంపాల్సిన గడువేమో వారమో పది రోజులో.

వెన్నెలవలస, కిల్తంపాలెం లాంటి నవోదయ విద్యాలయాల్లో కాగితాలు చూసుకునే ఆఫీసు ఉంటుంది, ఆ పిల్లలు కొంత నయం. మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో హెచ్‌ఎమ్మే గుమాస్తా. ఇన్‌స్పైర్‌లో రాష్ట్ర స్థాయికి చేరిన ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఆ వారమే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించే బాధ్యతను డీఈవో ఆఫీసులో ఒకరికి అప్పగించొచ్చు. దానికి ఏ చట్టం మారనక్కర్లేదు. ఒక్కో జిల్లా నుంచి ఆ స్థాయికి వెళ్లేది కొద్దిమందే, ఫీజులన్నీ కలిపినా ఒక సైన్స్ ఎగ్జిబిషన్ షామియానా అద్దెకు మించదు.