సెర్రో టోకో ఎక్కే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చిలీ ఉత్తరాన, అటకామా ఎడారిలో సెర్రో టోకో అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 5,604 మీటర్లు. మొదటిసారి ఎత్తైన కొండ ఎక్కేవాళ్లను స్థానిక గైడ్లతో కలిసి అక్కడికి తీసుకెళ్లడం నా పని. హైదరాబాద్ నుంచి వచ్చినా, అమెరికా నుంచి వచ్చినా మనవాళ్లు ఫోన్‌లో అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. వాటి వెనకున్న అపోహలు కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: బండి 5,200 మీటర్ల దాకా వెళ్తుంది, పైకి నడక రెండు గంటలే. ఇంకేం కష్టం?

అసలు చిక్కే అది. ఒకప్పటి గంధకం గని దారి ఉండబట్టి బండి అంత పైకి పోతుంది. మనం బస చేసే శాన్ పెడ్రో ఊరు సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. పొద్దున్నే అక్కడ బండెక్కితే కాస్సేపట్లోనే దాదాపు 2,800 మీటర్లు పైకి చేరిపోతాం. కాళ్లకు శ్రమ ఉండదు, కానీ ఒంటికి అలవాటు పడే టైమూ ఉండదు. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే. అయితే 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి పడిపోతుంది. ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా అందే ఆక్సిజన్ తక్కువే.

అందుకే, వచ్చిన మర్నాడే టోకో ఎక్కిస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి. మొదటి రెండు రాత్రులు ఊళ్లోనే ఉండండి. తర్వాత ఒకరోజు 4,100 మీటర్ల పైనున్న మిస్కాంటి సరస్సు, ఇంకోరోజు 4,300 మీటర్ల ఎత్తులోని ఎల్ టాటియో వేడినీటి బుగ్గలు చూసి రండి. పగలు పైకి వెళ్లినా రాత్రి కిందికొచ్చి పడుకోవాలి. టోకో ఆ తర్వాతే. ఈ నాలుగైదు రోజులే అసలైన ట్రెక్కింగ్ అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అపోహ: ఫిట్‌గా ఉంటే ఏమీ కాదు.

"నెలనెలా అలిపిరి మెట్లెక్కుతాను, నాకేం భయం లేదండీ" అంటారు. ఆ 3,550 మెట్ల అలవాటు కాళ్లకు మేలే. పల్చటి గాలికి తట్టుకోవడం వేరే సంగతి. మారథాన్లు పరిగెత్తే కుర్రాడొకడు అందరికంటే ముందు వడివడిగా నడిచి, 5,400 మీటర్ల దగ్గర వాంతులతో కూర్చుండిపోయాడు. వెంటనే దింపేశాం. ఊరు చేరేసరికి మామూలుగా మాట్లాడాడు. అదే రోజు యాభై ఏళ్లు దాటిన ఒకావిడ చిన్న చిన్న అడుగులేస్తూ శిఖరం చేరారు.

అపోహ: తలనొప్పికి మాత్ర వేసుకుని నడిచేయొచ్చు.

వద్దు. తలనొప్పి, వికారం మొదలైతే ఇంక పైకి వెళ్లకూడదు. తగ్గకపోయినా, ముదిరినా దిగిపోవాలి. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఒక్క నిమిషం ఆగకూడదు. అవి మెదడులో, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న లక్షణాలు కావచ్చు. అసలు మందు కిందికి దిగడమే. బండి దగ్గర్లోనే ఉండటం టోకోలో ఉన్న పెద్ద సౌకర్యం. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి వాడే అసెటజోలమైడ్ అనే మాత్ర ముందుగా వేసుకుంటే ఉపయోగం ఉంటుంది కానీ డాక్టర్ని అడిగే వాడండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లూ గర్భిణులూ డాక్టర్ సరేననకుండా టికెట్లు కొనొద్దు.

నీళ్లు విపరీతంగా తాగితే ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు రాదన్నదీ నిజం కాదు. దాహానికి సరిపడా తాగితే చాలు.

అపోహ: ఎడారే కదా, టీషర్టు చాలు.

ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీల చలి పెరుగుతుంది. ఊళ్లో పది డిగ్రీలుంటే శిఖరం మీద సున్నాకు బాగా కిందే, పైగా ఈదురుగాలి. పొరలు పొరలుగా బట్టలు, గ్లవ్స్, చెవులు మూసే టోపీ ఉండాలి. ఎండ మాత్రం చర్మాన్ని కాల్చేస్తుంది, కాబట్టి సన్‌స్క్రీన్, మంచి కళ్లద్దాలు మర్చిపోకండి.

అక్కడ కోకా ఆకుల టీ ఇస్తారు. తాగొచ్చు, కానీ ఎత్తుకు అది మందు అనుకోకండి. ఆకులు బ్యాగులో వేసుకుని ఇంటికి తేవద్దు, మన దేశంలో అది నేరం.