ఎలినార్ ఆస్ట్రమ్: ఆన్సర్ షీట్లలో కనిపించే అపోహలు

డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. ఉమ్మడి వనరుల మీద పరిశోధన చేసిన అమెరికా పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ మీద ప్రశ్న ఇస్తే చాలు, ఈ అపోహలు తప్పకుండా వస్తాయి.

అపోహ: ఆమె ఎకనామిస్టు.

వాస్తవం: 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ కాబట్టి అలా అనుకుంటారు. నిజానికి లెక్కలు చాలినంత చదవలేదని ఎకనామిక్స్ పీహెచ్‌డీలో ఆమెకు సీటే ఇవ్వలేదు. ఇండియానా యూనివర్సిటీలో దశాబ్దాలపాటు ఆమె చెప్పింది రాజనీతిశాస్త్రం.

అపోహ: ఉమ్మడి వనరులను (మేతభూములు, నీళ్లు, చేపలు లాంటివాటిని) జనానికి వదిలేస్తే వాళ్లే బాగా చూసుకుంటారన్నారు.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. ఉమ్మడి మేతబీడులో ఎవరికి వారు పశువులను పెంచుకుంటూ పోతే చివరికి బీడే మిగలదని 1968లో జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ రాశాడు. అది అన్నిచోట్లా జరగదని 1990లో వచ్చిన 'గవర్నింగ్ ద కామన్స్'లో ఆస్ట్రమ్ చూపించారు. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ మేతభూములు, స్పెయిన్‌లోని వాలెన్సియా కాలువలు శతాబ్దాలుగా నిలిచాయి. అయితే టర్కీలో దెబ్బతిన్న చేపలవేట కథ కూడా అదే పుస్తకంలో ఉంది. ఆ పేజీలు ఎవరూ చదవరు! నిలిచినచోట కనిపించిన లక్షణాలను ఆమె ఎనిమిదిగా చెప్పారు: హక్కు ఎవరిది, కాపలా ఎవరిది, మొదటి తప్పుకు చిన్న జరిమానా, ఇలా. మావాళ్లు ఆ ఎనిమిదీ బట్టీపట్టి మందుచీటీలా రాసేస్తారు. అన్నిటికీ ఒకే మందు లేదని ఆమే పదేపదే చెప్పారు.

ఆమె ప్రస్తావించిన పరిశోధనల్లో మన కర్నూలు పల్లెలపై రాబర్ట్ వేడ్ చేసినదీ ఉంది. కాలువ చివర, నీళ్లు అందీ అందని ఊళ్లే ఎక్కువగా ఉమ్మడి నీరుగంట్లను (నీళ్లు పంచేవాళ్లను) పెట్టుకుని కట్టుబాట్లు చేసుకున్నాయి. నీళ్లు పుష్కలంగా పారే ఎగువ ఊళ్లకు ఆ అవసరం పెద్దగా పడలేదు.

అపోహ: ప్రభుత్వం వద్దన్నారు.

వాస్తవం: 1965 నాటి ఆమె పీహెచ్‌డీ లాస్ ఏంజెలెస్ దగ్గరి వెస్ట్ బేసిన్ భూగర్భజలాల గురించి. అతిగా తోడేయడంతో సముద్రపు నీరు లోపలికి వచ్చింది. నీళ్లు తోడేవాళ్లు సంఘం పెట్టుకున్నారు, కానీ వాటాలు తేలింది కోర్టు ద్వారానే, అంటే ప్రభుత్వ వ్యవస్థ తోడుతోనే.

అపోహ: నీళ్లు, అడవులు తప్ప ఇంకేం రాయలేదు.

వాస్తవం: 1970లలో ఇండియానాపొలిస్ పోలీసు సేవల మీద పరిశోధన చేశారు. పక్కపక్కనే ఉన్న, ఒకేలాంటి పేటల్లో జనాన్ని అడిగి చూస్తే, చిన్న పోలీసు విభాగాల సేవ పెద్ద నగర విభాగానికి తీసిపోలేదు, చాలా విషయాల్లో మెరుగ్గానే ఉంది. చిన్నవాటిని కలిపేయాలని నిపుణులు గట్టిగా వాదిస్తున్న కాలమది. పరీక్షలో ఇది ఎప్పుడూ అడగరు. నేను మాత్రం పిల్లలను ముందు ఇదే చదవమంటాను.