డ్రాయింగ్ ఫైల్లోని లేయర్లు ఫోటోషాప్‌లో ఎందుకు అతుక్కుపోతాయి

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో డీటీపీ, ఫ్లెక్స్ పని చేసేవాళ్లకు ఈ ఇబ్బంది కొత్తది కాదు. గీతలతో బొమ్మలు గీసే కోరెల్‌డ్రాలో గానీ ఇలస్ట్రేటర్‌లో గానీ బ్యాక్‌గ్రౌండ్, బార్డర్, ఫోటోలు, అక్షరాలు వేర్వేరు లేయర్లలో పెట్టి తయారుచేసిన డిజైన్‌ను పీఎస్‌డీగా (ఫోటోషాప్ సొంత ఫైల్ రూపంలోకి) ఎక్స్‌పోర్ట్ చేసి ఫోటోషాప్‌లో తెరిస్తే, కొన్నిసార్లు అంతా ఒకే లేయరుగా అతుక్కుపోయి ఉంటుంది. ఇంకొన్నిసార్లు నీడలు, పారదర్శకంగా పెట్టిన భాగాలు మొదట కనిపించిన తీరులో ఉండవు. చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనుకుంటారు. నా ఉద్దేశంలో కారణం అంతకంటే పాతది: గీతలు గీసే సాఫ్ట్‌వేర్‌లు, ఫోటోలు దిద్దే ఫోటోషాప్ 'లేయర్' అనే ఒకే మాటను రెండు వేర్వేరు వస్తువులకు వాడుతూ పెరిగాయి.

1984లో వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ భాష గీతలను, వంపులను లెక్కలుగా రాసి ప్రింటరుకు పంపే పద్ధతిని స్థిరపరిచింది. దాని మీద ఆధారపడి 1987లో ఇలస్ట్రేటర్ వచ్చింది. 1989లో కోరెల్‌డ్రా వచ్చింది. పోస్ట్‌స్క్రిప్ట్‌లో ఒక ఆకారం మీద మరో ఆకారం పడితే కిందిది పూర్తిగా మూసుకుపోవాల్సిందే, సగం కనిపించడమనేది అందులో లేదు. కాబట్టి ఇలా గీతలను లెక్కలుగా దాచే వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్ అంటే మొదట్లో ఆకారాలను కట్టగట్టి పెట్టుకునే ఒక సంచి మాత్రమే. 1990లో వచ్చిన ఫోటోషాప్‌కు లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో అందాయి. అక్కడ లేయర్ అంటే పిక్సెళ్లతో, అంటే చిన్న చిన్న రంగు గడులతో, నిండే ఒక పలక. దానికి సొంత పారదర్శకత, కింది పలకతో రంగు కలిసే సొంత పద్ధతి ఉంటాయి. ఇలస్ట్రేటర్‌కు నిజమైన పారదర్శకత 2000లో, తొమ్మిదో వెర్షన్‌తో గానీ రాలేదు.

సంచిని పలకగా మార్చేటప్పుడు ఎక్స్‌పోర్ట్ ప్రతిచోటా ఒక తీర్పు చెప్పాల్సి వస్తుంది: నిర్మాణాన్ని కాపాడాలా, రూపాన్ని కాపాడాలా? ఇలస్ట్రేటర్ రూపం వైపే మొగ్గుతుంది. లేయర్లను విడిగా రాస్తే బొమ్మ మారిపోతుందనుకున్న చోట వాటిని కలిపేస్తుంది. డాక్యుమెంటు సీఎంవైకేలో (అచ్చు సిరాల రంగు పద్ధతి) ఉండగా ఎక్స్‌పోర్ట్‌లో ఆర్‌జీబీ (తెర రంగు పద్ధతి) ఎంచుకుంటే లేయర్లు రాసే అవకాశమే ఉండదు, ఒకే బొమ్మగా ఇస్తుంది. ఫ్లెక్స్ ఫైళ్లు అతుక్కుపోయి వచ్చినప్పుడు నేను ముందుగా చూసేది ఈ రంగు పద్ధతినే.

తెలుగు అక్షరాలతో ఇబ్బంది ఇంకో మెట్టు ఎక్కువ. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు రూపాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చారు కాబట్టి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పేరు కాస్తా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా మారుతుంది. అందుకే మనవాళ్లు పంపేముందు కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ నొక్కి అక్షరాలను కర్వ్స్ చేస్తారు, అంటే ఉత్త ఆకారాలుగా మార్చేస్తారు. వత్తులు, గుణింతాలు చెక్కుచెదరకుండా వస్తాయి. కానీ పెళ్లి పత్రికలో వరుడి ఇంటిపేరు తప్పు పడిందని రాత్రి ఫోన్ వస్తే దిద్దడానికి అక్కడ అక్షరం ఉండదు, ఆకారమే ఉంటుంది.

ఈ విషయం నాకు పూర్తిగా అర్థమైంది ఫ్లెక్సుల దగ్గర కాదు, చేనేత డిజైన్ దగ్గర. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పుట్టపాక తేలియా రుమాలు అనే ఇక్కత్ నేతకు పేరున్న ఊరు. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు అద్దుతారు. రంగు అంటకూడని చోట పోగులను గట్టిగా కట్టేసి ముంచుతారు, తరువాతి రంగుకు ఆ కట్లు మార్చుతారు. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడికి ఒక్కటే రంగు. ఆ లెక్కతోనే ఎరుపు, నలుపు, తెలుపు మూడు లేయర్లలో గీసిన ఒక డిజైన్‌ను నేను ఎక్స్‌పోర్ట్ చేసి, గడులు లెక్కపెట్టుకోవడానికి పెద్దది చేసి చూశాను. ఎర్రటి గడి నల్ల గడిని తాకే అంచు వెంట ముదురు గోధుమ రంగు పిక్సెళ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. గీత ఒక పిక్సెల్‌ను మధ్యలో కోస్తే, ఎంత భాగం ఎటు పడిందో లెక్కగట్టి రెండు రంగులూ కలిపి ఆ పిక్సెల్‌లో నింపడమే యాంటీ ఏలియాసింగ్. కంటికి అంచు నునుపుగా ఉంటుంది. కానీ ఆ గోధుమ రంగు ఏ తొట్టిలోనూ లేదు, ఏ పోగునూ అందులో ముంచలేరు.

ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే చరిత్ర వేరే దారిలో నడిచింది. 2001లో ప్రమాణంగా వెలువడిన వెక్టర్ ఫైల్ రూపం ఎస్‌వీజీలో లేయర్ అనే మాటే లేదు, గ్రూపులే ఉన్నాయి. ఉచిత వెక్టర్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ కొన్ని గ్రూపులకు తన సొంత గుర్తు పెట్టి వాటిని లేయర్లుగా చూపిస్తుంది. ఆ గుర్తును చదవని సాఫ్ట్‌వేర్‌కు అవి మామూలు గ్రూపులే. ఫోటోషాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ తన లేయర్లను ఎక్స్‌సీఎఫ్ అనే సొంత ఫైల్ రూపంలో దాచుకుంటుంది. గింప్ లాంటి పిక్సెల్ ఎడిటర్లన్నిటికీ పనికొచ్చే ఉమ్మడి ఫైల్ రూపం కోసం 2006లో ఓపెన్‌రాస్టర్ ప్రతిపాదన వచ్చినా, మన దుకాణాలకు వచ్చే ఫైళ్లలో అది నాకు కనబడలేదు.

పెద్ద ఫ్లెక్సులకు ఇంకో హద్దు కూడా ఉంది. పీఎస్‌డీ ఏ పక్కనైనా 30,000 పిక్సెళ్లు దాటదు. 20 అడుగుల బ్యానర్ 72 డీపీఐలో (అంగుళానికి 72 పిక్సెళ్లు) 17,280 పిక్సెళ్లే కాబట్టి సరిపోతుంది, 150 పెడితే 36,000 అవుతుంది. అప్పుడు ఫోటోషాప్ పెద్ద ఫైళ్ల రూపమైన పీఎస్‌బీ కావాలి, లేదా డీపీఐ తగ్గించుకోవాలి.

ఇక్కత్ డిజైన్లకు నేను ఇప్పుడు లేయర్లున్న ఫైల్ అడగడం మానేశాను. ప్రతి లేయర్‌లోనూ ఒకే కొలతలో సన్నని చట్రం గీసి, యాంటీ ఏలియాసింగ్ టిక్ తీసేసి, ఒక్కో రంగును ఒక్కో పీఎన్‌జీగా, అంటే విడి బొమ్మ ఫైల్‌గా, పంపమంటాను. చట్రం లేకపోతే ఒక్కో బొమ్మ తన ఆకారం మేరకే కత్తిరించుకుని వస్తుంది, ఎరుపు మీద నలుపు సరిగ్గా కూర్చోదు. చట్రం ఉంటే మూడింటినీ మూలకు మూల ఆనించి పెడితే చాలు.