భీముడికి వినబడని హార్మోనియం

చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. భీముడు గద ఎత్తి గర్జిస్తున్నప్పుడు అతని వెనకే హార్మోనియం, మద్దెల, తాళాలవాళ్లు అందరికీ కనబడుతూనే ఉంటారు. అయినా ఆ హార్మోనియం భీముడికి కూడా వినబడుతోందని చాప మీద కూర్చున్న చిన్నపిల్లవాడైనా అనుకోడు. గర్జన, గద చప్పుడు కథ లోపలివి. హార్మోనియం కథకు బయట ఉండి మనకు మాత్రమే వినబడేది. సినిమా అధ్యయనంలో మొదటిదానిని డైజెటిక్ శబ్దమనీ, రెండవదానిని నాన్‌డైజెటిక్ శబ్దమనీ అంటారు. వీటికి మూలమైన గ్రీకు మాటకు కథనమని అర్థం గనుక, ఇక్కడ లోపలి శబ్దం, బయటి శబ్దం అని వ్యవహరిస్తాను. వీధినాటకంలో హార్మోనియం కంటికి కనబడుతుంది కాబట్టి ఈ రెంటి మధ్య గీత చెరగదు. భయానక చిత్రాల ట్రైలర్ల నేర్పంతా ఆ గీతను చెరపడంలోనే ఉందని నా అభిప్రాయం.

రెండు, రెండున్నర నిమిషాల ట్రైలరుకు పాత్రలను పరిచయం చేసి, వారిపై మమకారం కలిగించి, ఆ తరువాత భయపెట్టేంత వ్యవధి ఉండదు. అందుకే చాలా ట్రైలర్లు లోపలి శబ్దాలతోనే మొదలవుతాయి: కొళాయి నుంచి పడే చుక్క, తలుపు కిర్రుమనడం, ఎవరిదో ఊపిరి. సంగీతం దాదాపు ఉండదు. నేపథ్య సంగీతం, మన సినిమావాళ్ల మాటలో ఆర్.ఆర్., ఎంత భయంకరంగా ఉన్నా ఒక విధంగా ధైర్యం చెబుతుంది. ఇది సినిమాయే సుమా అని గుర్తుచేస్తుంది. అది లేనప్పుడు చెవి తన పాత ప్రశ్నకు వెళ్లిపోతుంది: ఈ చప్పుడు ఎవరు చేశారు? 2023లో చిరుత దాడులు జరిగిన తరువాత అలిపిరి మెట్లదారిలో చీకటి పడ్డాక నడిచినవారికి దీనిని వివరించనవసరం లేదు. గోవింద నామాలు వినబడుతున్నంతసేపూ పొదల అలికిడి పట్టదు. ముందున్న గుంపు మలుపు తిరిగి నామాలు ఆగాయంటే, ఎండుటాకు కదిలినా కాలు ఆగుతుంది.

శబ్దం లోపలిదో బయటిదో చెవి తేల్చుకునేది ముఖ్యంగా గదిని బట్టి. ఏ గదిలోనైనా శబ్దం గోడలకు తగిలి కొంత ఆలస్యంగా తిరిగివస్తుంది. ఆ ప్రతిధ్వనుల తీరును బట్టి గది ఇరుకో విశాలమో, శబ్దం దగ్గర పుట్టిందో దూరాన పుట్టిందో కళ్లు మూసుకున్నా పోల్చుకోగలం. తెరమీది గదికి తగిన ప్రతిధ్వని ఉన్న శబ్దం లోపలిదిగా తోస్తుంది. ఆ గది జాడ లేకుండా హాలంతా నిండేది బయటిదిగా తోస్తుంది. మిక్సింగ్ చేసేవారి మాయ ఇక్కడే. పాత ఇంట్లో రేడియో మోగుతున్నట్టు వినిపించాలంటే, జోలపాటలోని బొంగురు కొసనూ కీచు కొసనూ కోసివేసి, పాత టెలిఫోన్ మోసే 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల వంటి ఇరుకైన మేరను మాత్రం ఉంచి, దానికి ఆ గది ప్రతిధ్వనిని జోడించవచ్చు. తరువాత ఆ కోతను కొద్దికొద్దిగా సడలిస్తారు. గది కరిగిపోతుంది, వేగం సగానికి తగ్గితే పాట శ్రుతి ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. జోలపాట రేడియోను వదిలి మన నెత్తిమీదికి ఎప్పుడు వచ్చిందో చెప్పలేం. మరోచోట తలుపు మీద మూడు తట్లు పడతాయి; నాలుగవది అదే లయలో డప్పు దెబ్బగా వస్తుంది. 1963లో వచ్చిన హిచ్‌కాక్ చిత్రం 'ది బర్డ్స్'లో మామూలు నేపథ్య సంగీతమే లేదు, కానీ పక్షుల రొదను ట్రాటోనియం అనే విద్యుత్ వాద్యం మీద ఆస్కార్ సాలా సృష్టించాడు. లోపలి గొంతులో బయటి వాద్యం దాగి ఉందన్నమాట.

నిశ్శబ్దం తరువాత పడే పెద్ద దెబ్బ అందరికీ తెలిసినదే. ఇందులో కళ తక్కువ, శరీరధర్మం ఎక్కువ. హఠాత్తుగా పుట్టిన పెద్ద శబ్దానికి కనురెప్ప పడటం ఆలోచన దాకా పోదు. మెదడుకాండంలో రెండు మూడు మజిలీలు దాటి, సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోగానే మొదలవుతుంది. పెద్ద శబ్దాలను తగ్గించే మధ్యచెవి కండరం బిగుసుకోవడానికి సుమారు పదో వంతు సెకను పడుతుంది గనుక, దెబ్బ అప్పటికే లోపలికి చేరి ఉంటుంది. ముందే భయంలో ఉన్నవారు అదే శబ్దానికి మరింతగా ఉలిక్కిపడతారు. అయితే దెబ్బకు ముందు అరసెకను లోపు చిన్న చప్పుడేదైనా వినబడితే ఉలికిపాటు తగ్గుతుంది కాబట్టి, అక్కడ ఊపిరిని కూడా తీసివేయడమే తెలివైన పని. దీనికి ఒక లెక్క కూడా తోడవుతుంది. అమెరికా ట్రైలర్ల ధ్వని ప్రమాణంలోని 85 డెసిబెళ్ల పరిమితి గరిష్ఠ శబ్దానికి కాదు, మొత్తం నిడివి మీది సగటుకు. సగం నిడివిని నిశ్శబ్దంగా వదిలితే మిగతా సగాన్ని 3 డెసిబెళ్లు, అంటే శక్తిలో రెట్టింపు, పెంచుకోవచ్చు. నెలనెలా కట్టి ఒకేసారి ఎత్తుకునే చీటీ లాంటిది ఆ నిశ్శబ్దం.

కేక సంగతి వేరు. మనిషి కేకలో ధ్వని తీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్లు హెచ్చుతగ్గులవుతుందనీ, ఆ గరుకుదనానికి మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం ప్రత్యేకంగా స్పందిస్తుందనీ 2015లో లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ అనే శాస్త్రవేత్తల బృందం ప్రచురించింది. వయొలిన్ తీగ మీద కమానును నొక్కి గీసినా గరుకుదనం పుడుతుంది. అందుకే పాత్ర కేకను వయొలిన్‌లోకి జారవిడిస్తే అతుకు తెలియదు. పైగా ఈ గరుకుదనం ఎగువ స్వరాల మీద స్వారీ చేస్తుంది గనుక, దిగువ గర్జనలను మింగేసే ఫోను స్పీకరులో కూడా నిలుస్తుంది.

చివర సినిమా పేరు పడుతుంది, సంగీతం ఆగుతుంది, తెర నల్లబడుతుంది. అయిపోయిందనుకున్న ఆ ఖాళీలో ఒక చిన్న లోపలి శబ్దాన్ని వదలడం ఇప్పుడు ఆనవాయితీ. తెరమీద గది లేదు గనుక హాలే దానికి గది అవుతుంది. తిరుపతిలో ఒకసారి రెండో ఆటకు వెళ్లినప్పుడు, అలాంటి ట్రైలరు చివర వెనక స్పీకరులోంచి ఒక పాప నవ్వు వినబడింది. ముందు వరుసలోని పెద్దాయన వెనక్కి తిరిగి, "పాపను కాస్త బయటికి పిల్చుకుని పోమ్మా" అని నా భార్యతో అన్నారు. మా వరుసలో పిల్లలెవరూ లేరు.