గల్వాన్ మీద మొదటి సినిమా బీజింగ్‌దే

2025 డిసెంబరు 27న, సల్మాన్ ఖాన్ పుట్టినరోజు నాడు, ఆయన గల్వాన్ సినిమా టీజర్ వచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే చైనా ప్రభుత్వ గొంతుగా పేరున్న గ్లోబల్ టైమ్స్ పత్రిక దాని మీద విరుచుకుపడింది. సినిమా వాస్తవాలను వక్రీకరిస్తోందట, 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో రెండు సైన్యాలూ కొట్టుకున్నప్పుడు గీత, అంటే వాస్తవాధీన రేఖ, దాటి వచ్చింది భారత సైనికులేనట. సల్మాన్ పాత్రకు ఆధారం ఆ ఘర్షణలో ప్రాణాలు వదిలిన, సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు. అందుకని ఇది మనకు ముంబయి, బీజింగ్‌ల మధ్య తగవులా అనిపించదు.

1962 యుద్ధం, అక్సాయ్ చిన్, వాస్తవాధీన రేఖ కథ చాలాసార్లు విన్నదే, మళ్లీ చెప్పను. ఈ గొడవ మొత్తానికి కీలకం 2020 జూన్ 15 అని అందరూ అంటారు. నాకు మాత్రం 2021 ఫిబ్రవరి 19 అనిపిస్తుంది.

ఆ రోజు దాకా, అంటే ఘర్షణ జరిగి ఎనిమిది నెలలు దాటేదాకా, తనవాళ్లు ఎంతమంది పోయారో చైనా చెప్పలేదు. పాంగాంగ్ సరస్సు దగ్గర రెండు సైన్యాలూ వెనక్కి తగ్గుతున్న రోజుల్లో ఉన్నట్టుండి నలుగురి పేర్లు, ఫొటోలు, ఎడిట్ చేసిన వీడియో ఒకేసారి బయటపెట్టింది. వీడియోలో వాళ్ల రెజిమెంట్ కమాండర్ చీ ఫాబావో చేతులు బార్లా చాపి మన జవాన్లకు అడ్డంగా నిలబడతాడు. చనిపోయిన బెటాలియన్ కమాండర్ చెన్ హోంగ్‌జున్ మరో నాలుగు నెలల్లో తండ్రి కావాల్సినవాడు. 20 ఏళ్లు కూడా నిండని చెన్ షియాంగ్‌రోంగ్ రాసుకున్న "స్వచ్ఛమైన ప్రేమ, చైనా కోసమే" అన్న మాట ఆ దేశమంతా నినాదమైపోయింది. హీరో, పుట్టబోయే బిడ్డ, కన్నీళ్లు పెట్టించే డైలాగ్ అన్నీ ఉన్నాయి. గల్వాన్ మీద మొదటి సినిమా అదే. టికెట్ లేదు గానీ, ప్రశ్న అడిగినవాడికి జైలు మాత్రం ఉంది. 25 లక్షల మంది ఫాలోవర్లున్న ఒక బ్లాగర్ ఈ నలుగురి లెక్కను అనుమానించినందుకు అదే ఏడాది మే నెలలో 8 నెలల శిక్ష వేశారు.

ఇక మన వైపు. జూన్ 16 మధ్యాహ్నం సైన్యం చెప్పింది, చనిపోయింది ఒక అధికారి, ఇద్దరు జవాన్లు అని. రాత్రికి ఆ సంఖ్య 20కి చేరింది. తీవ్రంగా గాయపడిన మరో 17 మంది ఆ ఎత్తులో, సున్నా కన్నా తక్కువ చలిలో ప్రాణాలు వదిలారని రెండో ప్రకటన చెప్పింది. ఆలస్యమైంది, నిజమే. కానీ 36 గంటలు గడవకముందే లెక్క బయటికొచ్చింది. కల్నల్ భౌతికకాయం 17న హకీంపేటలో దిగింది, 18న సూర్యాపేట దగ్గర కేసారంలో అంత్యక్రియలు జరిగాయి. కరోనా రోజులు, మాస్కులు, అయినా రోడ్డు పొడవునా జనం. ఆయన హైదరాబాద్‌కు బదిలీ మీద వస్తాడని ఇంట్లో ఎదురుచూస్తున్న సమయమది.

జూన్ 15 సాయంత్రం కల్నల్ అక్కడికి ఎందుకు వెళ్లాడన్నదే ఇవాళ్టి వాదనకు అసలు ప్రశ్న. జూన్ 6న సరిహద్దులోని చుషుల్-మోల్డో దగ్గర కోర్ కమాండర్ల స్థాయిలో మాటలు జరిగాయి, ఇరువైపులా వెనక్కి జరగాలని ఒప్పుకున్నారు. మన గస్తీ వెళ్లే పెట్రోలింగ్ పాయింట్ 14 దగ్గర చైనా వాళ్లు పెట్టిన పోస్టు తీశారో లేదో చూడటం 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్‌గా ఆయన పని. కింది అధికారిని పంపి ఊరుకోలేదు, తానే వెళ్లాడు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు తుపాకి పేల్చకూడదన్న 1996 ఒప్పందం ఒకటుంది కాబట్టి తూటా పేలలేదు. రాళ్లు, మేకులు దిగ్గొట్టిన రాడ్లు, ఉత్త చేతులు. సుమారు 14 వేల అడుగుల ఎత్తులో చీకట్లో గంటల తరబడి కొట్టుకున్నారు. పక్కనే మంచు కరిగి పారే గల్వాన్ నది. చాలామంది అందులో పడ్డారు. చైనా చెప్పిన నలుగురిలో ఒకడు కూడా ఏరు దాటుతూ పోయినవాడేనని వాళ్ల కథనమే ఒప్పుకుంటుంది.

చైనా వాదన ఇంతే: భారత సైన్యం ఒప్పందం మీరి గీత దాటింది, ముందు చెయ్యి చేసుకుంది, గల్వాన్ లోయ ఎప్పటినుంచో తమదే. చివరి ముక్కను జూన్ 16 రాత్రే వాళ్ల పశ్చిమ కమాండ్ ప్రకటించింది. అది అతిశయోక్తి, నిలవని వాదన అని మన విదేశాంగ శాఖ తిప్పికొట్టింది. అయితే జూన్ 19న అఖిలపక్ష సమావేశంలో ప్రధాని మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదని అనడంతో చైనా మీడియాకు చేతికి అస్త్రం ఇచ్చినట్టయింది. మర్నాడు ప్రధాని కార్యాలయం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇవాళ్టి వ్యాసాల్లో కూడా ఆ వాసన తగులుతూనే ఉంది.

2022లో బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు జ్యోతి పట్టుకోవడానికి ఎంచుకున్నవాళ్లలో అదే చీ ఫాబావో ఉన్నాడు. ఫిబ్రవరి 2న అతను పరిగెత్తాడు. ప్రారంభ, ముగింపు వేడుకలకు మన దౌత్యాధికారి వెళ్లరని మర్నాడే ఢిల్లీ చెప్పేసింది, దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం మానేసింది. అతణ్ని ఆటల వేడుకలో తిప్పినవాళ్లే ఇప్పుడు హిందీ సినిమాలో అతి ఎక్కువైందంటున్నారు.

మరి ఇన్నేళ్లు లేని వేడి ఇప్పుడెందుకంటే, కాలం మారింది. 2024 అక్టోబరులో తూర్పు లద్దాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ మీద ఒప్పందం కుదిరింది. 2025లో మానస సరోవర యాత్ర మళ్లీ మొదలైంది, ఆగస్టు చివర ప్రధాని చైనాలోని తియాన్‌జిన్ వెళ్లారు, అక్టోబరులో నేరుగా విమానాలు ఎగిరాయి. రెండు ప్రభుత్వాలకూ గల్వాన్ మాట వినపడకపోతేనే హాయి. ఘర్షణ జరిగిన చోటు సంగతీ అంతే. 2020 జులైలో రెండు వైపులా వెనక్కి జరిగి మధ్యలో బఫర్ జోన్ పెట్టుకున్నాయి. కల్నల్ చూసి రావడానికి వెళ్లిన పాయింట్ 14కి మన గస్తీ ఆగిపోయింది. ఇది టీజర్లో చూపించే సంగతి కాదు.

2021 గణతంత్ర దినోత్సవం నాడు ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు. పరమవీర చక్ర రావాల్సిందని, పూర్తి తృప్తి లేదని తండ్రి దాచుకోకుండా చెప్పారు. భార్యకు తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. మొదటి వర్ధంతికి సూర్యాపేట కూడలిలో విగ్రహం వెలిసింది.

ఆ గణతంత్ర దినోత్సవం నాడే మరణానంతరం వీర్ చక్ర పొందినవాళ్లలో ఒకరు నాయక్ దీపక్ సింగ్, మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతం వాడు. 16 బిహార్‌తో ఉన్న నర్సింగ్ అసిస్టెంట్. తనకే దెబ్బలు తగిలినా ఆ రాత్రి 30 మందికి పైగా గాయపడిన సైనికులకు చికిత్స చేసి ప్రాణాలు నిలబెట్టాడని పతక ప్రశంసలో ఉంది. అప్పటికి పెళ్లై రెండేళ్లు కూడా కాలేదు. ఆయన భార్య బడిలో టీచర్. ఉద్యోగం మానేసి సైన్యం పరీక్షలకు కూర్చున్నారు. 2023 ఏప్రిల్‌లో చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ నుంచి లెఫ్టినెంట్‌గా బయటికొచ్చారు. మొదటి పోస్టింగ్ తూర్పు లద్దాఖ్.