మైగ్రేన్‌కి ఆక్యుప్రెషర్: మాత్ర పర్సులో దాచుకుని నా దగ్గరికి రాకండి

మొన్న ఒకావిడ తల పట్టుకుని వచ్చి కూర్చున్నారు. నొప్పి మొదలై అప్పటికే నాలుగు గంటలు. డాక్టర్ రాసిన మాత్ర వేసుకున్నారా అంటే, "లేదండీ, మీరు నొక్కాక కూడా తగ్గకపోతే వేసుకుందామని పర్సులో పెట్టుకున్నా" అన్నారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆవిడ మీద నాకేం కోపం లేదు పాపం. మాత్రలన్నీ విషమే, రెండు పాయింట్లు నొక్కితే చాలు అని ఫార్వర్డ్‌లు పంపేవాళ్ల మీదే చిరాకంతా.

అపోహ: ముందు నొక్కి చూడాలి, మాత్ర ఆఖరికి.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. మైగ్రేన్ మాత్ర నొప్పి చిన్నగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. నొప్పి ముదిరితే కడుపు కదలిక మందగిస్తుంది, వేసుకున్న మాత్ర ఒంటికి పట్టడానికే ఆలస్యమవుతుంది. ఈలోగా వాంతి అయితే అదీ బయటికే. ఇంకాసేపు ఆగితే దువ్వెన తగిలినా భరించలేనంతగా నెత్తి సలుపుతుంది. ఆ స్థితిలో నేను వేలు పెడితే హాయిగా ఉండదు సరికదా, నొప్పి ఇంకా పెరుగుతుంది.

నాకూ మైగ్రేన్ ఉంది. ఈ విద్య నేర్చుకుంటున్న కొత్తలో, మాత్ర ముట్టకుండా తగ్గించుకుని చూపించాలని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బొటనవేలి దగ్గర నొక్కుతూ కూర్చున్నాను. చివరికి చీకటి గదిలో బకెట్ పక్కన పడుకున్నాను. చెయ్యి మాత్రం కమిలిపోయింది. మా గురువుగారు చూసి, "ముందు మాత్ర వేసుకుని, అది పనిచేసేలోపు నొక్కుకోవచ్చు కదమ్మా" అన్నారు. అప్పటినుంచి అదే చేస్తున్నాను, వచ్చినవాళ్లకీ అదే చెబుతున్నాను.

రోజూ వేసుకునే నివారణ మందుల విషయంలో ఇంకా జాగ్రత్త. నాలుగు సిట్టింగ్‌లకే తేలిగ్గా ఉందని ప్రొప్రనలాల్ ఒక్కసారిగా ఆపేసినవాళ్లు ఉన్నారు. అది గుండె వేగాన్ని తగ్గించే మందు, హఠాత్తుగా మానితే గుండె దడదడలాడవచ్చు. తగ్గించాలంటే రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి.

అలాగని మాత్రలు బఠానీల్లా మింగమనడం లేదు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లయితే (మైగ్రేన్‌కని ప్రత్యేకంగా రాసే మాత్రలు) 10 రోజులు, మూడు నెలలకు మించి అలా వాడుతూ పోతే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు. వేసుకున్న రోజులు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. నా దగ్గరికి వచ్చినా నేను మొదట అడిగేది ఆ క్యాలెండరే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గట్టిగా నొక్కితేనే ఫలితం అన్నది తప్పు. తీపి నొప్పి తెలిసేంత ఒత్తిడి, ఒకటి రెండు నిమిషాలు, చాలు. మెడ వెనక పుర్రె కింద రెండు గుంటలు నొక్కుకోవచ్చు, మెడ ముందువైపు, పక్కలా మాత్రం వద్దు, అక్కడ మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. వికారానికి అరచేతి వైపు మణికట్టు మడత నుంచి మూడు వేళ్లు పైకి, తాళ్లలా తగిలే రెండు స్నాయువుల మధ్య నొక్కి చూడండి, కొందరికి తేలికవుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే పాయింట్‌ను గర్భిణులకు మేం నొక్కం. ఒక్క సిట్టింగ్‌తో శాశ్వతంగా పోతుందని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. ఆక్యుప్రెషర్ మీద జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్నవి. ఉపశమనం అంటాను, నయం అనను.

మెదడులో గడ్డేమో అని నిద్రపోనివాళ్లు చాలామంది వస్తారు. ఏళ్లతరబడి ఒకే తీరులో వచ్చిపోయే నొప్పి సాధారణంగా మైగ్రేనే, అంత టెన్షన్ వద్దు. కానీ ఎన్నడూ లేనంత నొప్పి క్షణాల్లో విరుచుకుపడినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చెయ్యో కాలో చచ్చుబడినా, తలకు దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా, యాభై దాటాక తొలిసారి ఇలాంటి నొప్పి వచ్చినా ఆస్పత్రికే. ఒకాయన అలాగే పిడుగు పడ్డట్టు నొప్పి వచ్చిందంటూ నేరుగా నా దగ్గరికి వచ్చారు. వేలు కూడా పెట్టకుండా ఎమర్జెన్సీకి పంపించేశాను. అంత దూరం వస్తే ఒక్క పాయింటైనా నొక్కలేదేమని వాళ్లబ్బాయి గుమ్మంలోనే నన్ను నిలదీశాడు.